కరాటేనా, బాక్సింగా? ముందు బాక్సింగ్ మార్షల్ ఆర్టో కాదో తేల్చుకుందాం

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బెంజ్ సర్కిల్ దగ్గర్నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా స్తంభాలకి సమ్మర్ క్యాంపు ఫ్లెక్సీలు కట్టేస్తారు. కరాటే, కుంగ్‌ఫూ, తైక్వాండో, కర్రసాము, ఈమధ్య వాటి సరసన బాక్సింగూ కిక్‌బాక్సింగూ. పిల్లాణ్ణి ఎందులో చేర్పించాలా అని ఆలోచించే నాన్నలూ, పొట్ట తగ్గించుకోవాలని కిందామీదా పడే ఉద్యోగస్తులూ, రాత్రిపూట ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చే కూతురి గురించి టెన్షన్ పడే అమ్మలూ, అందరిదీ ఒకటే అనుమానం: "కరాటే అంటే ఒక విద్య అండీ, బాక్సింగ్ వట్టి గుద్దులాటే కదా, దాన్ని మార్షల్ ఆర్ట్ అంటారా?"

అంటారు. నా వరకు అందులో అనుమానమే లేదు. కాకపోతే బాక్సింగ్ పరిధి చిన్నది. నిలబడి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషితో, రెండు పిడికిళ్లతో, నడుము పైన మాత్రమే చేసే పోరు. ఆ చిన్న చోట్లో అది తవ్వినంత లోతుగా ఇంకే విద్యా తవ్వలేదు. పేరు గురించిన గొడవ తొందరగానే తేలిపోతుంది, మీకు కావాల్సింది ఆ పరిధిలో ఉందా లేదా అన్నది చూసుకోవడానికే కాస్త టైం పడుతుంది. ఇది విజయవాడ, గుంటూరుల్లో మామూలుగా దొరికే క్లాసుల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను, థాయ్‌లాండ్ వెళ్లి నేర్చుకునే స్తోమత ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు.

"కాదు" అనేవాళ్లు ఏమంటారంటే

మొదటి మాట: అది స్పోర్ట్ కదా అని. నిజమే, బాక్సింగ్ 1904 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది (1912లో స్వీడన్‌లో ఒక్కసారి పెట్టలేదు). మరి జూడో 1964లో వచ్చింది, తైక్వాండో 2000లో పూర్తిస్థాయి పతకాల క్రీడ అయింది, కరాటే కూడా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకసారి ఆడి వచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడితే విద్య కాకుండా పోతుందనుకుంటే వీటన్నిటినీ ఒకే గంపలో వేసి బయట పారెయ్యాలి. పోటీ పెట్టాలంటే ఏ విద్యలోనైనా కొన్ని కోసెయ్యక తప్పదు. పూర్వం గ్లవ్స్ లేకుండా ఆడే రోజుల్లో బాక్సర్లు నడుము పైన పట్టుకుని ఎత్తి పడెయ్యొచ్చు, 1743లో జాక్ బ్రాటన్ అనే ఇంగ్లిష్ బాక్సర్ రాసిన నిబంధనల్లో కిందపడ్డవాణ్ణి కొట్టకూడదనీ నడుము కింద పట్టుకోకూడదనీ ఉంది తప్ప కుస్తీ పట్టు అసలు వద్దని లేదు. 1867లో క్వీన్స్‌బెరీ నిబంధనలు వచ్చాకే పట్టులు పూర్తిగా పోయి, గ్లవ్స్, మూడు నిమిషాల రౌండు, కిందపడ్డవాడు లేచేలోపు పది అంకెల లెక్క వచ్చాయి. జూడో కూడా సరిగ్గా ఇదే పని మొన్నమొన్న చేసింది, 2013 నుంచి పోటీల్లో చేత్తో కాలు పట్టుకుని లాగితే తప్పు. జూడో విద్య కాకుండా పోయిందని ఎవరైనా అన్నారా?

రెండో మాట: దానికి సంప్రదాయం లేదు, బెల్టులు లేవు, గురువు లేడు. ఇది నాకు భలే నవ్వొస్తుంది. జిగొరో కానో టోక్యోలో కొడోకాన్ అనే బడి పెట్టి జూడో మొదలుపెట్టింది 1882లో. అంటే ఇప్పుడు మనం చూసే బాక్సింగ్ నిబంధనలు అప్పటికే పదిహేనేళ్ల పాతవి. ఒకినావా నుంచి గిచిన్ ఫునాకోషి కరాటేని జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్లి చూపించింది 1922లో, తెల్ల డ్రెస్సూ బెల్టూ జూడో నుంచి అరువు తెచ్చుకున్నవే. తైక్వాండో అన్న పేరు 1955లో పెట్టారు. ఇక పిడిగుద్దుల పోరు సంగతి చూస్తే, గ్రీకుల ఒలింపిక్స్‌లోకి అది క్రీస్తుపూర్వం 688లోనే వచ్చిందంటారు. 18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో జేమ్స్ ఫిగ్ అనే ఆయన బడి పెట్టి కత్తి, కర్ర, పిడికిలి మూడూ ఒకే చోట నేర్పేవాడు. ఇది వింటే మనకి ఏం గుర్తొస్తుంది? మన తాలింఖానాయే కదా. అక్కడా కర్రసాము, కత్తిసాము, కుస్తీ అన్నీ ఒకే మట్టిలో. పీర్ల పండక్కి ముందు వీధుల్లో కర్ర తిప్పే కుర్రాళ్లు ఎవరూ బెల్టు పరీక్ష రాసి రాలేదు. వస్తాదు ఎవరి నడుముకీ రంగు గుడ్డ కట్టలేదు, అయినా ఆయన నేర్పింది విద్య కాదని ఎవరూ అనలేదు. భాగవతంలో కంసుడి కొలువులో చాణూరుడితో పాటు ముష్టికుడు కూడా ఉంటాడు, బలరాముడి చేతిలో పోతాడు, ఆ పేరే చెప్తుంది వాడి యుద్ధం ఏమిటో. ముష్టియుద్ధం మనకి పరాయిదని అనుకోవడానికి నాకైతే కారణం కనపడదు.

మూడోది, కాళ్లు వాడరు కాబట్టి అసంపూర్ణం అని. జూడో పోటీలో గుద్దూ లేదు, తన్నూ లేదు. తైక్వాండో పోటీలో చేత్తో ముఖం మీద కొట్టడం నిషిద్ధం, పొట్ట మీద పంచ్‌కి ఒక పాయింటే, మామూలు కిక్ అక్కడే తగిలితే రెండు, తలకి తగిలితే మూడు. అందుకే వాళ్లు చేతులు కిందకి వదిలేసి ఆడతారు. సంపూర్ణ విద్య అంటూ ఏదీ లేదు, ఎవరి కోత వాళ్లది.

క్రమశిక్షణ సంగతి ఒక్క ముక్కలో చెప్తా. వంగి దండం పెట్టించినంత మాత్రాన క్రమశిక్షణ రాదు, నెలల తరబడి ఒకే జాబ్ పంచ్‌ని (ముందున్న చేత్తో వేసే సూటి గుద్దు) అద్దం ముందు వెయ్యించే కోచ్ దగ్గర దానంతట అదే వస్తుంది.

ఇంకో సంగతి. మన ఊళ్లో బ్రూస్‌లీ ఫొటో లేని కరాటే ఫ్లెక్సీ చూశారా ఎక్కడైనా? ఆ బ్రూస్‌లీ 1958లో హాంకాంగ్‌లో స్కూళ్ల మధ్య పెట్టిన బాక్సింగ్ పోటీలో గెలిచినవాడు. తర్వాత ఆయన సొంతంగా కట్టుకున్న పద్ధతిలో అడుగుల కదలిక, పంచ్‌లు చాలావరకు బాక్సింగ్ నుంచీ ఫెన్సింగ్ నుంచీ తెచ్చుకున్నవే. ఆయనకి లేని అనుమానం మనకెందుకు?

అసలు కొలబద్ద ఏది

నా లెక్కలో ఒక విద్యని మార్షల్ ఆర్ట్ అనాలంటే ఒకటే చూడాలి. మీరు నేర్చుకున్నదాన్ని, దాన్ని ఆపడానికి నిజంగా ప్రయత్నిస్తున్న మనిషి మీద, క్లాసులోనే, తరచుగా పరీక్షించుకునే ఏర్పాటు ఉందా? దీన్నే స్పారింగ్ అంటారు. ఈ లెక్కన బాక్సింగ్, జూడో, కుస్తీ, ముయే థాయ్ (థాయ్‌లాండ్ వాళ్ల కిక్‌బాక్సింగ్) దర్జాగా పాసవుతాయి. కరాటే, తైక్వాండో, కుంగ్‌ఫూ అయితే నేర్పే మనిషిని బట్టి పాసో ఫెయిలో అవుతాయి.

మంచి బాక్సింగ్ క్లాసులో ఏం జరుగుతుందో చూడండి. మొదట నిలబడటం నేర్పుతారు: ఎడమ కాలు ముందు, కుడి మడమ కాస్త లేపి, గడ్డం కిందకి దించి, రెండు చేతులు చెంపల దగ్గర. కొట్టిన చెయ్యి మళ్లీ అక్కడికే రావాలి, రాకపోతే కోచ్ తన చేతికి తొడుక్కున్న ప్యాడ్‌తో చెంప మీద మెల్లగా తట్టి గుర్తుచేస్తాడు. తర్వాత స్కిప్పింగ్, షాడో బాక్సింగ్ (ఎదురుగా మనిషి ఉన్నట్టు ఊహించుకుని గాల్లో కొట్టడం), బ్యాగ్, ప్యాడ్స్. అడుగులు కుదిరాక ఇద్దర్ని నిలబెట్టి ఒకడు జాబ్ మాత్రమే వెయ్యాలి, రెండోవాడు తప్పుకోవాలి అంటాడు. అలా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, గ్లవ్స్, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ పెట్టి తేలిక స్పారింగ్. ఆ మొదటి స్పారింగ్‌లో తెలిసేది ఏమిటంటే, బ్యాగ్ మీద అదరగొట్టిన పంచ్‌లు ఒక్కటీ తగలవు, ఊపిరి అరనిమిషంలో అయిపోతుంది, ముక్కు మీద తగిలిన దెబ్బకి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఆ కళ్లనీళ్లతోనే చేతులు పైకి పెట్టుకుని నిలబడటం అలవాటు కావడమే బాక్సింగ్ ఇచ్చే పెద్ద ఆస్తి. రోడ్డు మీద ఎవడైనా మీదకొస్తే చాలామంది ఓడిపోయేది టెక్నిక్ రాక కాదు, గడ్డకట్టుకుపోవడం వల్ల.

ఇప్పుడు మన చుట్టుపక్కల సాధారణ కరాటే క్లాసు. స్కూల్ గ్రౌండులోనో అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో బోలెడుమంది పిల్లలు వరసల్లో నిలబడి, ఒక పిడికిలి నడుము దగ్గర పెట్టుకుని గాల్లోకి గుద్దుతుంటారు. అరుపులు బావుంటాయి, వరసలు బావుంటాయి, ఫొటోకి ఇంకా బావుంటుంది. కాటా, అంటే ఎదుటివాడు లేకుండా వరసగా చేసే కదలికలు, చేయిస్తారు. వార్షికోత్సవానికి పెంకులు పగలగొట్టిస్తారు, పొట్ట మీద బండలు పెట్టి సుత్తితో కొట్టిస్తారు, చేతుల మీంచి బైకులు పోనిస్తారు, పొద్దున్నే పేపర్ జిల్లా పేజీలో ఫొటో. వీటిలో దేనికీ పోరాటంతో సంబంధం లేదు. పెంకు పక్కకి తప్పుకోదు. మా బావమరిది అరండల్‌పేటలో ఉంటాడు, కొడుకుని కరాటేలో చేర్పించి "బావా, మూడు నెలలకో బెల్టు ఇస్తున్నారు, వీడు ఇరగదీస్తున్నాడు" అని మురిసిపోతూ ఫోన్ చేశాడు. బెల్టుకెంత తీసుకుంటున్నార్రా అంటే మాట మార్చేశాడు. ఆ పిల్లాడు ఇన్ని బెల్టుల్లో ఒక్కసారి కూడా ఎదుటి పిల్లాడితో ఆడలేదు.

అలాగని కరాటే అంతా ఇంతే అనెయ్యడం అన్యాయం. క్యోకుషిన్ శాఖలో ముఖం మీద చేత్తో కొట్టరు గానీ, ఒంటి మీద పూర్తి బలంతో గుద్దుకుంటారు, తొడల మీద తన్నుకుంటారు, వాళ్ల ముందు నిలబడటానికి చాలామంది బాక్సర్లకి ధైర్యం చాలదు. ఒలింపిక్ పద్ధతి కరాటేలో కుమిటే (ఇద్దరి మధ్య పోటీ) వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. కాకపోతే అక్కడ గెలవాల్సింది అదుపుతో. టోక్యోలో 75 కిలోల పైబడిన పురుషుల ఫైనల్లో సౌదీకి చెందిన తరెగ్ హమెదీ కొట్టిన హైకిక్‌కి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదె స్పృహ తప్పి పడిపోయాడు. మరీ గట్టిగా కొట్టాడని హమెదీని డిస్‌క్వాలిఫై చేసి, పడిపోయిన ఆయనకి స్వర్ణం ఇచ్చారు. బాక్సింగ్‌లో అదే జరిగితే పడగొట్టినవాడు గెలుస్తాడు. ఏది మంచిదని నేను చెప్పను, పిల్లల తల్లిదండ్రులకైతే కరాటే నిబంధనే నచ్చాలి. మీ చెయ్యి దేనికి అలవాటు పడుతుందో తెలుసుకుని చేరండి అంటున్నా, అంతే.

బాక్సింగ్ ఎక్కడ చేతులెత్తేస్తుంది

బాక్సింగ్‌ని ఇంత మోసాను కాబట్టి దాని లోటు కూడా చెప్పాలి. ఎదుటివాడు పట్టుకుంటే బాక్సర్ దగ్గర జవాబు లేదు. 1976లో టోక్యోలో ముహమ్మద్ అలీకీ, జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీకీ పోటీ పెట్టారు. ఇనోకీ చాలాసేపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్లు తన్నుతూనే ఉన్నాడు. పదిహేను రౌండ్లలో అలీ వేసిన పంచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పోటీ డ్రా అయింది, అలీ కాళ్లు వాచిపోయి ఆస్పత్రి దాకా వెళ్లాల్సి వచ్చింది. 2010లో బాక్సింగ్ వరల్డ్ ఛాంపియన్‌గా చేసిన జేమ్స్ టోనీ యుఎఫ్‌సీలో (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ చెల్లే పోటీ) దిగితే, అప్పటికే 47 ఏళ్లున్న రెజ్లర్ రాండీ కొచూర్ వచ్చీరాగానే కాలు లాగి కింద పడేసి మొదటి రౌండులోనే ముగించేశాడు. కింద పడ్డాక టోనీ చేతులు ఏమీ చెయ్యలేకపోయాయి.

రెండో లోటు, గ్లవ్స్. చేతికి నాలుగున్నర మీటర్ల ర్యాప్ (గుడ్డ పట్టీ) చుట్టి, దాని మీద గ్లవ్ తొడిగి కొట్టడం అలవాటైన మనిషి, ఉత్త చేత్తో నుదుటి ఎముక మీద బలంగా కొడితే విరిగేది ఎక్కువగా కొట్టినవాడి చెయ్యే. చిటికెన వేలు కిందుండే ఎముక విరగడానికి డాక్టర్లు బాక్సర్ ఫ్రాక్చర్ అనే పేరే పెట్టారు. మూడోది అన్నిటికన్నా పెద్దది: తల. ఏళ్ల తరబడి తల మీద దెబ్బలు తిన్న బాక్సర్లు మాట తడబడి, నడక తూలి మత్తులో ఉన్నట్టు అయిపోతున్నారని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టర్ రాశాడు. హెడ్‌గార్డ్ ఉంటే ఫర్వాలేదనుకోకండి, అది చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు.

మరి ఎవరు దేంట్లో చేరాలి

ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలైతే, నిజం చెప్పాలంటే ఏదైనా ఒకటే. ఆ వయసుకి కావాల్సింది పల్టీలు కొట్టడం, కింద పడి లేవడం, ఎడమా కుడీ తెలియడం, మాస్టారి మాట వినడం. జూడో దొరికితే నా ఓటు దానికే, ఎందుకంటే దెబ్బ తగలకుండా పడటం నేర్పుతుంది, ఆ నేర్పు బైక్ మీంచి పడ్డప్పుడు కూడా పనికొస్తుంది. కానీ మన దగ్గర జూడో కరాటే దొరికినంత సులువుగా దొరకదు. సరిగ్గా నేర్పే కరాటే, తైక్వాండో రెండూ మంచివే. బాక్సింగ్ అయితే అడుగులు, స్కిప్పింగ్, ప్యాడ్స్ వరకే, తల మీద దెబ్బలొద్దు. అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు 2011లో పిల్లలకీ టీనేజీ వాళ్లకీ బాక్సింగే వద్దని చెప్పాయి. నేను అంత దూరం వెళ్లను గానీ, పేరెంట్స్ వీడియో తీసుకోవడానికి ఎనిమిదేళ్ల పిల్లల్ని రింగులో కొట్టుకోనిచ్చే క్లాసు అయితే అదే రోజు మానిపించండి.

కళ్లద్దాల పవర్ ఎక్కువున్న పిల్లల సంగతి చాలామంది పట్టించుకోరు. పవర్ బాగా ఎక్కువగా ఉంటే తల మీద దెబ్బలకి రెటీనా ఊడే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ, కంటి డాక్టర్ని అడక్కుండా బాక్సింగ్ స్పారింగ్ జోలికి పోవద్దు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పతకాల కోసం, స్పోర్ట్స్ కోటా కోసం చూస్తుంటే బాక్సింగ్ గట్టి ఎంపిక. బాక్సింగ్‌లో ఇండియాకి ఒలింపిక్ పతకాలున్నాయి: 2008లో విజేందర్ సింగ్, 2012లో మేరీ కోమ్, టోక్యోలో లవ్లీనా బొర్గొహెయిన్. లవ్లీనా మొదట నేర్చుకుంది ముయే థాయ్, తర్వాతే బాక్సింగ్‌లోకి వచ్చింది, కాబట్టి ఇప్పుడు చేరిందే చివరిదాకా అనుకోనక్కర్లేదు. మన తెలుగమ్మాయి, నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్ అయింది. 2028 లాస్ ఏంజిలిస్‌లో బాక్సింగ్, జూడో, తైక్వాండో ఉన్నాయి, కరాటే లేదు. పైగా కరాటేకి సంఘాలు ఒకటా రెండా, ఎవరికి వాళ్లే "నేషనల్", "ఇంటర్నేషనల్" అని సర్టిఫికెట్లు ఇస్తుంటారు. కోటా కోసమే అయితే ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసులో కనుక్కున్నాకే డబ్బులు కట్టండి. ఇంకో మాట, మన ఊరి సంగతి మనకి తెలిసిందే కదా, పదో తరగతి అవ్వగానే పిల్లాణ్ణి రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో పడేస్తాం, తెల్లారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఆ రెండేళ్లు ఏ ఆటా సాగదు. మొదలుపెట్టేదేదో ముందే మొదలుపెట్టండి, లేదా డేస్కాలర్‌గా చదివించే గుండె ధైర్యం తెచ్చుకోండి.

ఆడపిల్లల రక్షణ కోసమైతే జాగ్రత్తగా ఆలోచించాలి. అమ్మాయిల మీద చెయ్యి వేసేవాడు గార్డ్ పెట్టుకుని ఎదురుగా నిలబడడు. మణికట్టు పట్టుకుంటాడు, జుట్టు పట్టుకుంటాడు, వెనక నుంచి వాటేసుకుంటాడు. పట్టు విడిపించుకోవడం నేర్పేది జూడో, కుస్తీ, జియుజిట్సు, లేదా ఆ పాఠాలు నిజంగా ఎదురు బలంతో చేయించే కరాటే క్లాసు. అందుకని ఈ అవసరానికి నేను బాక్సింగ్‌ని మొదట పెట్టను. పట్టు విద్య ఏదీ దగ్గర్లో లేకపోతే మాత్రం, గాల్లో కాటాలు చేసే క్లాసు కంటే బాక్సింగే వంద రెట్లు నయం. దెబ్బకి బెదరకపోవడం వస్తుంది, దూరం అంచనా తెలుస్తుంది, ఒక్క జాబ్ కొట్టి పరిగెత్తే టైం సంపాదించుకోవచ్చు. పిడికిలి బదులు అరచేతి మడమతో కొట్టడం విడిగా నేర్పమని అడగండి. క్లాసులో తోటి అమ్మాయిలు ఎంతమంది, బట్టలు మార్చుకోవడానికి చోటుందా, ఏ టైంకి వదులుతారు, ఇవి కూడా టెక్నిక్ అంత ముఖ్యమే. చట్టం సంగతికొస్తే, భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి, అవసరానికి మించి కొట్టడానికి కాదు. బ్లాక్ బెల్టు వస్తే పోలీస్ స్టేషన్లో పేరు రాయించుకోవాలని మన దగ్గర ఎప్పట్నుంచో ఒక ప్రచారం ఉంది, అలాంటి రూలేం లేదు.

ఇక ఆఫీసుకెళ్లేవాళ్లు, ముప్పై దాటినవాళ్లు. చెమట కోసం, ఊపిరి కోసం, తలలో ఉన్న చికాకు దిగడం కోసం బాక్సింగే. నలభైల్లో కొత్తగా హైకిక్‌లు మొదలుపెడితే తొడ వెనక కండరం పట్టేసి వారం మంచం మీద ఉంటారు, జబ్బ ఊపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. బ్యాగ్, ప్యాడ్స్ వరకు చేసుకోండి, స్పారింగ్ మీకు అక్కర్లేదు, అది లేకపోతే మార్షల్ ఆర్ట్ నేర్చుకున్నట్టు కాదని పైన నేనే అన్నాను కదా అంటారేమో, నిజమే, మీరు చేసేది అప్పుడు వ్యాయామం, అందులో చిన్నతనమేమీ లేదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగండి. బరువు ఎక్కువున్నవాళ్లు సిమెంటు నేల మీద స్కిప్పింగ్ చెయ్యకండి, మోకాళ్లు పోతాయి. ఒక్క జాగ్రత్త, కొన్ని జిమ్‌లలో కిక్‌బాక్సింగ్ అని బోర్డు పెట్టి పాటలు వేసి గాల్లో చేతులు ఊపిస్తారు. మణికట్టు వంకరగా పెట్టి బ్యాగ్ కొడుతున్నా దిద్దే నాథుడుండడు. అలాంటి చోట బ్యాగ్ ముట్టుకోకపోవడమే మంచిది.

క్లాసు చూడటానికి వెళ్లినప్పుడు

ఫ్లెక్సీ మీద పతకాల సంఖ్య కాదు చూడాల్సింది, క్లాసు పూర్తిగా ఒక గంట కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే వచ్చెయ్యండి. బాక్సింగ్ కోచ్ అయితే పటియాలా ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమా ఉందా అని మర్యాదగా అడగొచ్చు, "సార్, మీరు ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు" అంటే చాలు, ఉన్నాయన సంతోషంగా చెప్తాడు. కరాటే మాస్టారినైతే ఏ శాఖ, బ్లాక్ బెల్టుకి ఎన్నేళ్లు పడుతుంది, స్పారింగ్ ఎప్పుడు మొదలుపెడతారు అని అడగండి. ఏడాదిలో బ్లాక్ బెల్టు గ్యారంటీ అంటే లేచి రండి. బాక్సింగ్ దగ్గర దీనికి ఉల్టా ప్రమాదం: మొదటి వారంలోనే కొత్తవాణ్ణి రింగులోకి తోసి సీనియర్లతో కొట్టించి ధైర్యం వస్తుంది అనేవాళ్లు ఉంటారు. ధైర్యం రాదు, పిల్లాడు మళ్లీ రాడు. తలకి గట్టి దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా ఆ పిల్లాణ్ణి మళ్లీ ఎన్నాళ్లకి ఆడనిస్తారో అడగండి. "ఏం కాదు సార్, నీళ్లు తాగితే సర్దుకుంటుంది" అన్నవాడికి మీ పిల్లాణ్ణి అప్పగించకండి.

సామాన్లు వెంటనే కొనకండి. ముందు ర్యాప్స్ చాలు, రెండు మూడు వందల్లో వస్తాయి. నెల రోజులు మానకుండా వెళ్తే అప్పుడు గ్లవ్స్, పెద్దవాళ్లకి బ్యాగ్ కోసం 12 లేదా 14 ఔన్సులు, స్పారింగ్‌కి 16. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికేవాటిలో లోపలి ఫోమ్ తొందరగా అణిగిపోయి బ్యాగ్ కొడుతుంటే గోడని కొట్టినట్టుంటుంది. మౌత్‌గార్డ్ వేణ్ణీళ్లలో ముంచి పళ్లకి అచ్చు వేసుకునే రకం సరిపోతుంది, పళ్లకి క్లిప్పులు ఉంటే మాత్రం డెంటిస్ట్ దగ్గర చేయించుకోవాలి.

మన ఎండలు తెలుసుగా. మేలో రేకుల షెడ్డు కింద సాయంత్రం ఐదింటికి క్లాసంటే అది పొయ్యి. పొద్దున్నే ఉన్న బ్యాచ్‌లోనే చేరండి, బాటిల్లో ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్‌ఓ పట్టుకెళ్లండి. వానాకాలంలో గొడవ ఎండ గురించి కాదు, గ్లవ్స్ కంపు గురించి. కృష్ణ ఒడ్డున ఆ ఉక్కపోతకి గ్లవ్స్ లోపల చెమట ఆరదు, బ్యాగులో పెట్టి జిప్పు వేస్తే రెండో రోజుకి ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ గ్లవ్స్‌నీ కలిపి బయట పెడతారు. ఇంటికి రాగానే వాటిలో పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, ర్యాప్స్ అదే రోజు ఉతికెయ్యండి. ఫీజు ఒక్క నెలకే కట్టండి, మూడు నెలలది ఒకేసారి కడితే డిస్కౌంట్ అన్నా సరే.